నీలి కుండీల మధ్య ఎర్ర కుండీ

లిస్బన్‌లో ఒకడు కాఫీ తాగుతూ చచ్చిపోయాడు. పదకొండు రోజుల తర్వాత వియన్నాలో ఇంకొకడు ట్రామ్ కోసం నిలబడి చచ్చిపోయాడు. పట్టపగలు, చుట్టూ వందమంది ఉండగా, ఎవరూ వేలైనా తగిలించకుండానే ఇద్దరూ కుప్పకూలారు. డాక్టర్లు గుండె ఆగిందన్నారు. ఇద్దరి చొక్కా భుజమూ తడిసి ఉంది.

"అందుకే మనవాళ్ళు వాడికి ప్లంబర్ అని పేరు పెట్టారు," అన్నాడు కర్నల్ ఉర్కిహో, రెండు ఫోటోలు బల్లమీదకి తోసి. "మొహం చూసినవాడు లేడు. వయసు తెలీదు. సెవెన్త్ డెస్క్ ముఠా జీతగాడని మాత్రం తెలుసు."

మాడ్రిడ్‌లో బోర్డు లేని ఆ ఆఫీసులో ఏజెంట్ ఫెర్మిన్ అర్హోనా ఫోటోలు చూసి, తల ఎత్తాడు. "మూడోవాడెవరు సార్?"

"వాడు కాదు. ఆమె. మాగ్దా క్రాల్."

మాగ్దా ఆరేళ్ళుగా సెవెన్త్ డెస్క్‌లో ఉంటూ, వాళ్ళ విందుల్లో నగలు పెట్టుకుని నవ్వుతూ, విన్నదంతా స్పెయిన్‌కి చేరవేస్తున్న మనిషి. మూడేళ్ళ కిందట త్రియెస్తేలో కడుపులో తూటాతో పడి ఉన్న ఫెర్మిన్‌ని తన కారులో వేసుకుని సరిహద్దు దాటించింది కూడా ఆవిడే. ఆ కారులో సగం స్పృహతో అతను ఒక మాట ఇచ్చాడు. ఏదో ఒకరోజు నిన్నూ నేనే బయటికి తెస్తానని.

"వాళ్ళకి అనుమానం వచ్చింది," అన్నాడు కర్నల్. "ఆ సంగతి ఆమెకి తెలీదు. రేపు కార్దోబాలో, లోగిళ్ళ పండగలో, నీకోసం ఎదురుచూస్తుంది. సాన్ బసీలియో పేట. నీలి కుండీల మధ్య ఒకే ఒక్క ఎర్ర కుండీ ఉన్న లోగిలి. ఒకటీ నలభై అయిదు నుంచి రెండింటి దాకా. ఇంటి నంబరు దగ్గర మెసేజ్ తెగిపోయింది. వాళ్ళు మాత్రం పూర్తిగా చదివే ఉంటారు."

"రెండు దాటితే?"

"మధ్యాహ్నం లోగిళ్ళు మూసేస్తారు. ఆమె వెనక్కి వాళ్ళ దగ్గరికే పోవాలి. ఆ తర్వాత మనం పూలు పంపడం తప్ప చేసేదేమీ లేదు." కర్నల్ సొరుగులోంచి నీలిరంగు పెన్ను ఒకటి తీసి ఇచ్చాడు. "వాడి విషానికి విరుగుడు. తొడలో పొడవాలి. రెండు నిమిషాలు దాటితే దండగ. ఒక్కటే డోసు ఉంది, జాగ్రత్త."

"ఎవరెవరు వస్తున్నారు నాతో?"

"ఇద్దరు కుర్రాళ్ళు వ్యాన్‌లో, వీధి చివర. నీ పక్కన మాత్రం నీ పెళ్ళాం, కూతురు, అత్తగారు."

ఫెర్మిన్ లేచి నిలబడ్డాడు. "కుదరదు సార్."

"ఒంటరి మగవాణ్ణి వాళ్ళు వీధి మొగలోనే పసిగడతారు. అత్తగారితో తిరిగేవాణ్ణి ఎవడూ అనుమానించడయ్యా! కూర్చో."

* * *

"ముందే చెప్తున్నా," అంది ఫెర్మిన్ భార్య నియేవెస్ కార్దోబాలో రైలు దిగుతూనే. "నాలుగేళ్ళ తర్వాత ఇది మొదటి సెలవు. ఇవాళ గానీ ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందని ఫోన్ వచ్చిందా, నువ్వొక్కడివే మాడ్రిడ్ పోతావ్. మేం మాత్రం రాం. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రాం."

పన్నెండేళ్ళుగా ఇంట్లోవాళ్ళకి ఫెర్మిన్ లిఫ్టుల ఇన్‌స్పెక్టర్. అతను నవ్వాలని చూశాడు గానీ మొహం సహకరించలేదు.

పండగకి పేటలోవాళ్ళు తమ పూల లోగిళ్ళు జనానికి తెరిచి బహుమతులకి పోటీ పడతారు. అయిదు లోగిళ్ళు చూసేసరికి ఒంటిగంటన్నర అయింది. ఎండ ముప్పై ఆరు డిగ్రీలు దాటింది. ప్రతి గుమ్మం దగ్గరా క్యూ, ప్రతి క్యూలోనూ విసనకర్రల చప్పుడు. ప్రతి లోగిలిలో తెల్లగోడల నిండా కుండీలు. పచ్చవి, నీలివి, మట్టిరంగువి. ఎర్ర కుండీ మాత్రం ఎక్కడా కనబడలేదు. ఎనిమిదేళ్ళ కాందెలా ఐస్‌క్రీమ్ కారుతున్న చేత్తో తండ్రి చొక్కా పట్టుకుని నడుస్తోంది. ముందు అత్తగారు దోన్యా అరాసేలి. లుసేనా ఊళ్ళో నలభై ఏళ్ళు సొంత లోగిలి పెంచిన మనిషి. ఇప్పుడు మాడ్రిడ్‌లో కూతురి ఇంట, నాలుగో అంతస్తు బాల్కనీలో మూడు మొక్కలతో సరిపెట్టుకుంటోంది. దొరికిన చోటల్లా ఆ కసి తీర్చుకుంటోంది.

"దీనికా బహుమతి ఇచ్చింది? ఆకులు చూడు, పసుపు కొట్టుకుపోయాయి. జడ్జీలు తాగి వచ్చుంటారు."

"అమ్మా, గట్టిగా అనకు, ఇంటావిడ వింటుంది," అంది నియేవెస్.

"విననీ! వింటేనన్నా బాగుపడుతుంది."

ఫెర్మిన్ టోపీ పట్టీలో దాచిన చిన్న స్పీకర్‌లో కర్నల్ గొంతు చీమలా గీరింది. "దొరికిందా?"

"లేదు," అన్నాడతను టోపీ సర్దుకుంటూ.

"ఏం లేదు?" అంది నియేవెస్.

"ఏం లేదు, ఏం లేదనే అంటున్నా."

ఆరో లోగిలిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అందగత్తె ఒకతె కనబడింది. ముక్కూ చుబుకం అంతా మాగ్దాలాగే ఉన్నాయి. మూడేళ్ళలో మనుషులు ఎన్ని వేషాలైనా మారుస్తారు కదా! ఫెర్మిన్ పక్కకి చేరి కోడ్ ప్రశ్న అడిగేశాడు. "ఈ జెరానియంకి ఎరువేం వేస్తారండీ?"

రావలసిన జవాబు "కాఫీ పిప్పి, ఆదివారాల్లో మాత్రమే." వచ్చింది అత్తగారి జవాబు.

"నన్నడగొచ్చుగా నాయనా! గుడ్డుపెంకులు నలిపి వెయ్యాలి. అరటితొక్కలు నానేసిన నీళ్ళు. అయినా నీకెందుకు, ఇంట్లో తులసాకంత మొక్కకి నీళ్ళు పోసిన పాపాన పోలేదు!"

ఆ అందగత్తె జర్మన్ టూరిస్టు. ఆ పెంకుల పాఠం అయ్యేసరికి ఏడు నిమిషాలు పోయాయి. ఫెర్మిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఒకటీ నలభై మూడుకి, ఏడో గుమ్మం ఇనుప తలుపు కమ్మీల్లోంచి చూసి అతను ఆగిపోయాడు. ఎదురుగోడ నిండా నీలి కుండీలు. బావి పైన, మూడు నిలువుల ఎత్తులో, ఒక్కటే ఒక్కటి ఎర్రది. దాని కింద, పచ్చ గౌనులో, విసనకర్ర ఊపుకుంటూ మాగ్దా. ఈసారి పొరపాటు లేదు. త్రియెస్తే కారులో తనమీద వంగిన మొహమే.

గుమ్మం దగ్గర నలభైమంది క్యూ ఉంది. లోపలికి ఇరవైమందిని మాత్రమే వదులుతున్నారు. ఫెర్మిన్ పక్కనుంచి దూరబోయాడు.

"ఏమయ్యా, అక్కడ బంగారం పంచుతున్నారా?" అంది క్యూలో ఒక లావుపాటి ఆవిడ. "మేమంతా ఇక్కడ ఎండబెట్టిన చేపలమా?"

"అర్జెంటండీ, దయచేసి..."

"బాత్రూమయితే మూలమీద హోటలుంది. పూలయితే వెనక్కి పో!"

నవ్వులు, ఈలలు. క్యూలో ఉన్న తాత ఒకాయన కర్ర అడ్డం పెట్టేశాడు. నియేవెస్ అతని మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నా పరువు తియ్యడానికే తీసుకొచ్చావా ఇక్కడికి?"

తుపాకీ తీసి చూపిస్తే దారి ఇస్తారు. కానీ లోపలెక్కడో ప్లంబర్ ఉంటాడు, దాని అలికిడికే పని ముగిస్తాడు. ఫెర్మిన్ పళ్ళు బిగబట్టి క్యూలో నిలబడ్డాడు. ఒక్కో నిమిషం ఒక్కో ఏడాదిలా గడిచింది. ఒకటీ యాభై రెండుకి ఇంటావిడ మానోలి చెయ్యి ఊపి వాళ్ళని లోపలికి వదిలింది.

అతను తిన్నగా బావి దగ్గరికి నడిచాడు. "ఈ జెరానియంకి ఎరువేం వేస్తారండీ?"

"కాఫీ పిప్పి," అంది మాగ్దా నవ్వుతూ. "ఆదివారాల్లో మాత్రమే. ఎంత ఆలస్యం చేశావు ఫెర్మిన్!"

"నువ్విక్కడే ఉండు. రెండింటికి జనాన్ని పంపేస్తారు. మావాళ్ళు వంటింటి వెనక తలుపు తీస్తారు. అందులోంచి వ్యాన్. ఎవడైనా నీ దగ్గరికి వస్తే, వంగిపో."

"ఎవడు రావాలి? నన్నెవరూ అనుమానించలేదుగా?"

అతని చూపు జనం మీదికి పోయింది. ఆమె చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. "ఫెర్మిన్, నాకు చావాలని లేదు," అంది చిన్నగా. "ఇంటికి పోవాలనుంది, అంతే."

"పోతావు. మాటిచ్చానుగా."

వెనక్కి తిరిగేసరికి నియేవెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "బాగుంది," అంది. "లిఫ్టులో పరిచయమా?"

ఆమెకి నచ్చచెప్పే టైము లేదు. ఫెర్మిన్ లోపలున్న ఒక్కొక్కరి చేతులూ చూడడం మొదలుపెట్టాడు. కెమెరా ముసలాయన. బిడ్డనెత్తుకున్న తల్లి. గొడుగు పట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు. సీసాలో నీళ్ళు తాగుతున్న కుర్రాడు. ఆ సీసా మూత చూశాడు, కుర్రాడి కళ్ళు చూశాడు. కాదు. ఎవడూ కాదు. ఒకటీ యాభై ఆరు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నాయనా," అంది అత్తగారు పక్కకొచ్చి. "ఆ మనిషిని చూడు..."

"ఇప్పుడు కాదు అత్తయ్యా."

"అది కాదు, వాడు చేస్తున్న పని చూడు, ఇంత ఎండలో..."

"కాసేపు నోరు మూసుకుంటారా!"

పన్నెండేళ్ళలో అతను ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు. దోన్యా అరాసేలి మొహం చిన్నబోయింది. గోడవైపు తిరిగి నిలబడింది. నియేవెస్ కూతురి చెయ్యి అందుకోబోయింది, కానీ కాందెలా అప్పటికే అక్కడ లేదు. పచ్చ గౌను ఆవిడ చెవిపోగులు చూడ్డానికి బావి దగ్గరికి పోయింది. మాగ్దా వంగి దానితో ఏదో మాట్లాడుతోంది.

గోడవైపే చూస్తూ అత్తగారు తనలో తాను గొణుక్కుంది. "మిట్టమధ్యాహ్నం జెరానియంకి నీళ్ళు! మా ఊళ్ళో అయితే చెయ్యి విరిచేవాళ్ళు. వేళ్ళు ఉడికి చస్తాయి. సాయంత్రం కదా పోయాలి, చీకటి పడే ముందు. ఈ కార్దోబాలో అంతమాత్రం తెలీనివాడుంటాడా?"

ఫెర్మిన్ చటుక్కున అటు తిరిగాడు.

మెట్ల దగ్గర, గడ్డి టోపీ, నీలి ఏప్రన్‌తో ఒక మనిషి. వీళ్ళు లోపలికొచ్చిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాడు. చేతిలో పొడుగాటి వెదురు, దాని చివర కట్టిన రేకు డబ్బా. ఎత్తు కుండీలకి నీళ్ళందించే ఆ కర్ర ఇక్కడ ప్రతి లోగిలిలోనూ ఉంటుంది, అందుకే చూసీ చూడనట్టే వదిలేశాడు. ఇప్పుడు చూశాడు. ఈ ఉక్కలో మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్. కాళ్ళ దగ్గర రెండు బకెట్లు, ఒకదానికి మూత. ఆ మనిషి మూత తీశాడు. డబ్బా అందులో ముంచాడు.

కర్నల్ చూపిన ఫోటోలు కళ్ళముందు కదిలాయి. లిస్బన్ కాఫీ హోటల్ పైన బాల్కనీలో పూలకుండీలు. వియన్నా ట్రామ్ స్టాపు పైన అద్దాలు తుడిచేవాడు. తడిసిన భుజాలు. అదన్నమాట!

వెదురు నెమ్మదిగా జనం తలల మీదుగా లేచింది. తలెత్తి చూసినవాళ్ళు లేరు. డబ్బా ఎర్ర కుండీ వైపు సాగింది. దాని కింద మాగ్దా ఉంది, మాగ్దా మోకాలికి ఆనుకుని కాందెలా ఉంది. జేబులో డోసు ఒక్కటే ఉంది.

అరిస్తే వాడు వంచేస్తాడు. కాలిస్తే చెయ్యి జారి అదే ఒలికిపోతుంది. మధ్యలో పన్నెండు అడుగులు, పదిమంది మనుషులు. దేవుడా, నా బిడ్డని నేనే తీసుకొచ్చి వాడి ముందు నిలబెట్టాను అనుకున్నాడు ఫెర్మిన్.

ఎవరూ చూడకపోవడం ఒక్కటే వాడి బలం. అంతకుమించి వాడి దగ్గరేమీ లేదు.

"అత్తయ్యా," అన్నాడు ఆవిడ చెవిలో. "నన్ను క్షమించండి. మీరే రైటు. వాడికి చెప్పండి. ఊరంతా వినేలా చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, కొంగు దోపినట్టు విసనకర్ర నడుంలో దోపింది.

"ఏమయ్యోయ్! టోపీ! నిన్నే! ఆ కర్ర దించు! మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోసి వాటిని చంపుతావా? నిన్ను కన్నది మనిషేనా, రాయా? ఆ పిచ్చి మొక్క నోరు లేనిదనేగా నీ ధీమా!"

లోగిలంతా ఒక్కసారి తలెత్తింది. వెదురు గాల్లో ఆగిపోయింది.

"నిజమే!" అంది బిడ్డనెత్తుకున్న తల్లి. "ఈ ఎండలో నీళ్ళేంటి?"

"ఎవడు వీడు? ఈ పేటవాడు కాడు!" గొడుగు అక్కచెల్లెళ్ళు.

గుమ్మం దగ్గర్నుంచి మానోలి చేతిలో చీపురుతో పరుగెత్తుకొచ్చింది. "సాయంత్రం పొయ్యమంటే ఇప్పుడు పోస్తావేం! మా తోటమాలి కుర్రోకి కడుపునొప్పి, బదులొచ్చానంటే నమ్మాను. వాడికి నువ్వేం స్నేహితుడివి, నీళ్ళెప్పుడు పొయ్యాలో తెలీదూ? అమ్మా, నా ఎర్ర కుండీ! మా అమ్మ పెట్టిన మొక్క అది!"

క్యూలో ఉన్న లావుపాటి ఆవిడ ఇనుప కమ్మీల్లోంచి చెయ్యి దూర్చి మరీ తిడుతోంది. రెండు దేశాల పోలీసుల్ని మూర్ఖుల్ని చేసిన ప్లంబర్, పాతికమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా మీద పడేసరికి బిత్తరపోయాడు. వెదురు ఊగింది. ఈ సందట్లో ఫెర్మిన్ గోడవార పాక్కుంటూ సగం దూరం వచ్చేశాడు.

ఊరి పెద్ద చర్చి మెస్కీతా గంట రెండు కొట్టింది.

వాడి కళ్ళు మాగ్దామీద నిలిచాయి. ఎలాగూ దొరికిపోయానని తేల్చుకున్నాడు కాబోలు, మణికట్టు తిప్పాడు.

ఫెర్మిన్ ఎగిరి భుజంతో వెదుర్ని పైకి ఎగదోశాడు. డబ్బా గోడకి కొట్టుకుని, తిరగబడి, ఉన్న నీళ్ళన్నీ ఎర్ర కుండీలోకి గుమ్మరించింది. మానోలి చీపురు ప్లంబర్ మెడమీద పడింది. వంటింటి తలుపు తన్నుకుని ఇద్దరు కుర్రాళ్ళొచ్చి వాణ్ణి నేలకదిమారు. నాలుగు క్షణాల్లో అంతా అయిపోయింది. ఫెర్మిన్ మోకాళ్ళమీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"అన్ని నీళ్ళా!" అంది అత్తగారు ఇంకా కోపం దిగక. "అడుగు చిల్లులోంచి కారుతుంది చూడు ఇప్పుడు. కాందెలా, ఇటు రావే, గౌను పాడవుతుంది!"

ఫెర్మిన్ తలెత్తాడు. ఎర్ర కుండీ అడుగున నీటిబొట్టు ఒకటి ఉబ్బుతోంది. దాని కింద మాగ్దా, తన కాళ్ళని చుట్టుకుపోయిన కాందెలాని పొదివి పట్టుకుని, బిగుసుకుపోయి నిలబడి ఉంది.

అతను లేచాడో, పడ్డాడో తెలీదు. కూతురి తలమీద అరచెయ్యి కప్పి ఇద్దరినీ పక్కకి ఈడ్చేశాడు. బొట్టు అతని చెయ్యి మీద పడింది. చల్లగా తగిలింది. రెండోది బండమీద పడింది.

"బయటికి! అందరినీ బయటికి పంపండి!" అని అరిచాడు. అప్పటికే వేళ్ళు వంకర పోతున్నాయి. చేయి గుడ్డకేసి తుడిచి జేబులో పెన్ను తీయబోతే కింద పడిపోయింది. "నియేవెస్! పెన్ను... తొడలో పొడువు... బలంగా..."

నియేవెస్ పెన్ను తీసుకుంది. పెన్ను వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, మూల నిలబడి ఏడుస్తున్న పచ్చ గౌను ఆవిడ వైపు చూసింది. కింద పెనుగులాడుతున్న మనిషిని చూసింది. "లిఫ్టుల ఇన్‌స్పెక్టర్లకి ఇలాంటివిస్తారా?" అంది.

"నియేవెస్, ప్లీజ్..."

"పన్నెండేళ్ళు!" అని పొడిచింది. అవసరమైనదాని కంటే కొంచెం గట్టిగానే పొడిచింది. తర్వాత అతని తల ఒళ్ళో పెట్టుకుని, "చచ్చావంటే చంపేస్తా. కళ్ళు తెరువు. ఫెర్మిన్! తెరవరా!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

* * *

సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి మంచంమీద అతని వేళ్ళు మళ్ళీ మాట విన్నాయి. స్టోర్‌రూమ్‌లో కట్టేసి ఉన్న తోటమాలి కుర్రో క్షేమంగా దొరికాడని, మాగ్దా ఎక్కిన విమానం దిగిందని కర్నల్ ఫోన్ చేసి చెప్పాడు. ఆమె నోరు తెరిచి చెప్పిన మొదటి పేరుతోనే ముగ్గుర్ని పట్టుకున్నారట. "రేపు పదింటికి రిపోర్టు..." అంటుండగా నియేవెస్ ఫోన్ లాక్కుంది.

"కర్నల్ గారూ, నా కూతుర్ని తెరగా వాడుకున్నారు మీరు. దాని సంగతి తర్వాత మాట్లాడదాం, చాలా మాట్లాడదాం. రేపు సెలవు. ఎల్లుండీ సెలవే." ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "నిన్ను క్షమించానని అనుకోకు. ఇంటికొచ్చాక మొదటినుంచీ చెప్పాలి, ఒక్కటీ దాచకుండా." అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

కాందెలా మంచం చివర నిద్రపోయింది. చెవులకి పెద్దవాళ్ళ చెవిపోగులు వేలాడుతున్నాయి.

ఆ లోగిలిలో గ్యాస్ లీకయిందని ఆఫీసువాళ్ళు పేటంతా చెప్పారు. దోన్యా అరాసేలికీ అదే చెప్పారు. దేశ రహస్యం కాబట్టి ఫెర్మిన్ నోరు కట్టేసుకోక తప్పదు. ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో ఫోన్.

"మానోలి ఫోన్ చేసింది. పాపం, ఏడుస్తోంది. ఆ ఎర్ర కుండీలో మొక్క మూడు గంటల్లో మాడి మసైపోయిందట, ఒక్క ఆకు మిగల్లేదట!" కుర్చీలో చతికిలబడి అల్లుడి మొహంలోకి విజయగర్వంతో చూసింది. "చెప్పానా? మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోస్తే చస్తుందని చెప్పానా, లేదా?"

"చెప్పారు అత్తయ్యా," అన్నాడు ఫెర్మిన్.